పొర ఆపరేషన్ అని చెప్పుకున్నాను

రాబర్ట్‌సన్‌పేట,
14 జూలై 1999

ఎంత కోపం వచ్చినా ఉత్తరం సగంలో చింపేయని మా విశాలక్కకు,

దాక్షాయణి రాస్తున్నది. రెండు గంటల దూరంలో ఉండి ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోన్ అంగట్లో ఉంది. అక్కడ నిలబడి నేను ఏం మాట్లాడినా చీరలు మడతపెట్టేవాళ్ళందరూ వింటారు. ఇది వాళ్ళు వినకూడని సంగతి. నిజానికి నువ్వు కూడా వినకూడదనే నాలుగు నెలలుగా దాచిపెట్టాను.

ముందు పని చెప్పేస్తాను, తర్వాత ధైర్యం ఉంటే మిగతాది రాస్తాను. నా పాత ఫోటో ఒకటి కావాలి. మీ ఇంటి గృహప్రవేశం నాడు అమ్మ, నువ్వు, నేను వరుసగా నిలబడి తీయించుకున్నది ఉంది కదా, అదైతే మంచిది. ముఖం నేరుగా కనిపించేది ఏదైనా సరే. "మీ ఇంట్లో లేవా" అని నన్ను అడుగుతావు. లేవు. పెట్టెలోంచి ఏరి ఏరి నేనే చింపేశాను. ఎందుకు చింపానో చెప్పాలంటే మార్చిలో నీకు చెప్పిన అబద్ధం దగ్గరికి రావాలి.

నాకు కంట్లో పొర రాలేదక్కా. బెంగళూరులో నేను చేయించుకున్నది పొర ఆపరేషన్ కాదు. కంటి కింద సంచులు తీయించుకున్నాను. అందం కోసం. యాభై ఏళ్ళ మనిషిని, రేపో మాపో కోడలు అడుగుపెట్టే ఇంటిదాన్ని, అందం కోసం రెప్పలు కోయించుకున్నాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఐదు కాగితాలు పాడుచేశాను.

ఎందుకంటే ఏం చెప్పను. అంగట్లో చీరల గద్దె పక్కన నిలువుటద్దం నువ్వు చూశావు. కొనేవాళ్ళు చీర భుజాన వేసుకుని చూసుకుంటుంటే నేను వెనక నిలబడి కొంగు సర్దుతాను. రోజంతా పడుచుపిల్లల ముఖాల పక్కన నా ముఖం చూసుకోవాల్సిందే. నాన్నకున్న సంచులే నాకూ వచ్చాయి. తెల్లారి లేచేసరికి ఇంకా ఉబ్బి ఉండేవి. పోనీలే అని సరిపెట్టుకుంటూనే ఉన్నాను. ఒకరోజు మారికుప్పం నుంచి ఒక అమ్మాయి వచ్చి, చీర ధర ఎంతో కనుక్కోమంటూ చెల్లెలికి నన్ను చూపించి, "ఆ అవ్వనడుగు" అంది. ఆ పిల్ల తల్లికీ నాకూ మహా అయితే రెండేళ్ళు తేడా ఉంటుంది. నవ్వుతూ ధర చెప్పాను, చీర అమ్మాను, ఇంటికొచ్చి ఏడ్చాను. మా జయరామ్‌కు ములబాగల్ సంబంధం అప్పుడే ఖాయమైంది. కాబోయే వియ్యపురాలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. పెళ్ళిపీటల దగ్గర ఆమె పక్కన నిలబడితే అందరూ నన్ను పెళ్ళికొడుకు అవ్వ అనుకుంటారని ఒకటే బెంగ పట్టుకుంది.

అటువంటివి చేసే డాక్టరు బెంగళూరులో ఉన్నాడని పత్రికలో చదివాను. మీ మరిదిని వారం రోజులు సతాయించాను. ఎవరికీ తెలియకూడదన్న ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. అందుకని పొర ఆపరేషన్ అన్నాం. నల్లద్దాలు పెట్టుకుని తిరగడానికి కూడా సాకు దొరికింది.

ఆ డాక్టరు ఎక్కువ కోసేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సంచులు పోయిన మాట నిజమే, వాటితో పాటు కింది రెప్పలు కూడా కిందికి జారిపోయాయి. ఎడమ కంటికి కొంచెం, కుడి కంటికి బాగా ఎక్కువ. రెప్ప లోపలి ఎర్రదనమంతా బయటికి కనిపిస్తుంది. ఎప్పుడు చూసినా ఎవరి మీదో గుడ్లురుముతున్నట్టు ఉంటాను. నిద్రలో కూడా కుడికన్ను పూర్తిగా మూతపడదు. ఈ ఆషాఢం గాలికి బంగారు గనుల పక్క సైనైడు మట్టిగుట్టల దుమ్ము లేచి బజారంతా కొట్టుకొస్తుంటే అందరూ రెప్పలు వాల్చి తప్పించుకుంటారు, నేను చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరి వసారాలోకో పరుగెత్తుతాను. ఆ డాక్టరు అదే తగ్గుతుందని మూడుసార్లు తిప్పి పంపాడు. చివరికి వేరే డాక్టరమ్మను వెతికి పట్టుకున్నాం. ఇతరులు చెడగొట్టిన రెప్పలు సరిచేయడమే ఆమె పని. అంతకుముందు నా కళ్ళు ఎలా ఉండేవో తెలియకుండా చెయ్యి పెట్టనని చెప్పింది. ఫోటో అందుకే.

బెంగళూరు పోయే రైలు టేకల్లో ఆగుతుంది కదా. నువ్వో బావో కనిపిస్తారేమోనని నేను ప్లాట్‌ఫారం వైపు కాకుండా అవతలి కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. అలా నాలుగుసార్లు మీ ఊరు దాటిపోయాను.

ఇంకొకటి కూడా గుచ్చుకుంటోంది. మాకు పాలు పోసే మునిలక్ష్మమ్మ గుర్తుందా, క్యాసంబళ్ళి దారిలో పల్లె నుంచి వస్తుంది. ఆమెకు నిజంగానే రెండు కళ్ళలో పొర వచ్చింది. ఊరిగాంలో కంటి క్యాంపు పెడుతున్నారని ఏప్రిల్‌లో పేరు రాయించుకుంది. తెల్లారితే క్యాంపు అనగా పాలు పోయడానికి వచ్చింది. నేను నల్లద్దాలు తీసి ఉన్నాను. దగ్గరికి వచ్చి, తల వంచి, నా ముఖంలో ముఖం పెట్టి చూసింది. "పెద్దింటోళ్ళు, బెంగుళూరు డాక్టరు కాడ చేయించుకొంటేనే ఇట్లయిందే. ఇంగ మమ్మల్ని ఏం చేస్తారో" అంది. క్యాంపుకు పోలేదు. నిజం నా నోటిదాకా వచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఫోటో త్వరగా పంపు. బావకు మాత్రం చెప్పొద్దు.

నీ చెల్లెలు,
దాక్షాయణి


రాబర్ట్‌సన్‌పేట,
20 సెప్టెంబర్ 1999

తిట్టి కూడా అడిగింది పంపించిన అక్కకు,

ఫోటో చేరింది. దాంతోపాటు నాలుగు పేజీల తిట్లు కూడా చేరాయి. అన్నీ నాకు తగినవే, ఒక్కటి కూడా వెనక్కి పంపడం లేదు. ముఖం సంగతి తర్వాత, ముందు ఆ పాలామెకు నిజం చెప్పి చావమని రాశావు. దాని గురించి చివర రాస్తాను.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. ముందు నా కింది రెప్పను వేలితో కిందికి లాగి వదిలి, ఎంత త్వరగా వెనక్కి పోతుందో చూసింది. వేలితోనే పైకి నెట్టి, ఎంతవరకు కదులుతుందో చూసింది. నిద్రపోతున్నట్టు మెల్లగా కళ్ళు మూసుకోమని చెప్పి, మూతపడని సందును చిన్న స్కేలుతో కొలిచింది. కుడివైపు మూడు మిల్లీమీటర్లు. కన్నీళ్ళు ఎంత ఊరుతున్నాయో తెలుసుకోవడానికి రెప్ప అంచున సన్న కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. ఏదో రంగు మందు వేసి నీలం వెలుగులో చూసి, నల్లగుడ్డు కింది భాగం గాలికి ఎండి గీతలు పడిందని చెప్పింది. నువ్వు పంపిన ఫోటోను భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది. నా కుడికన్ను మొదటినుంచీ ఎడమదానికంటే ఒక పిసరు కిందికే ఉందట, రెండూ సమానం చేయాలని చూస్తే మళ్ళీ తప్పవుతుందట. యాభై ఏళ్ళలో అద్దం ముందు నేను కనిపెట్టలేదు, కన్నవాళ్ళూ కనిపెట్టలేదు.

అప్పటిదాకా బాగానే ఉన్నాను. తర్వాత ఆమె, నోరు బాగా తెరిచి కళ్ళు పైకెత్తి చూడమంది. ఆ మాట వినగానే ముఖం పక్కకు తిప్పేసుకున్నాను.

నీకు రాసిన ఉత్తరంలో కూడా ఇది దాచాను. ఆ డాక్టరు ఎక్కువ కోసేశాడని రాశాను కదా. మీ మరిది కూడా అదే నమ్మి, ఆయన గదిలోకి పోయి నానా మాటలు అని వచ్చారు. జరిగింది వేరు. మత్తుమందు కళ్ళ చుట్టూ మాత్రమే వేశారు కాబట్టి బల్ల మీద నాకు తెలివి ఉంది. ఆ డాక్టరు కూడా కోసే ముందు ఇదే చెప్పాడు, నోరు తెరిచి పైకి చూడమని. అలా చేస్తే ముఖం చర్మమంతా బిగుస్తుంది. అంత బిగిసినప్పుడు కూడా ఎంత మిగులుతుందో అంతే కోయాలి. ఎవరూ వివరించకుండానే ఆ కిటుకు నాకు తెలిసిపోయింది. గుడ్డ కొలిచే ఇంట్లో పుట్టాను, గుడ్డ కొలిచే ఇంట్లో మెట్టాను. బిగించి పడితే మిగులు తక్కువ కనిపిస్తుంది, వదులుగా పడితే ఎక్కువ కనిపిస్తుంది. నాన్న మనిద్దరికీ ఎనిమిదేళ్ళకే గజం కడ్డీ చేతికిచ్చి చూపించాడు.

నేను నోరు తెరిచినట్టే తెరిచి దవడ వదులుగా పెట్టాను. చూపు కూడా సగమే ఎత్తాను. ఇంకా తెరవమన్నాడు. ఇంతకంటే రాదన్నాను. అంతటితో ఊరుకున్నానా? మళ్ళీ మళ్ళీ వచ్చే పని కాదు, ఇంకొంచెం కొసరు తీసేయండి డాక్టరుగారూ అన్నాను. కొసరు అడగని బేరం మన ఇంటావంటా లేదు. ఆయన నవ్వాడు. తీశాడు.

ఇదంతా డాక్టరమ్మ ముందు కక్కేశాను. ఏడుపు కూడా సరిగ్గా రాదక్కా నాకిప్పుడు, నీళ్ళు రెప్పలో నిలవకుండా కారిపోతాయి. ఆమె దూది ఇచ్చి, నేను తుడుచుకునేదాకా ఆగి, "మీరు అడిగారు. ఇవ్వకూడదని తెలిసిన మనిషి ఆయన. నోరు సరిగ్గా తెరవని పేషెంటు దగ్గర కత్తి పక్కన పెట్టడం ఆయన పని. మీ వంతు తప్పు మీరు మోయండి, ఆయన వంతు కూడా ఎత్తుకోకండి" అంది. నా వంతే నాకు మోయలేనంత ఉంది.

ఇప్పుడప్పుడే కత్తి పెట్టదట. మచ్చ ఇంకా గట్టిగా ఉంది, మెత్తబడాలి. రోజూ రెప్పను పైకి మర్దన చేయాలి, పగలు చుక్కలు, పడుకునే ముందు జిడ్డు మందు, దాని మీద రెప్పను పైకి పట్టి అంటించే టేపు. ఎడమది ఇలాగే సర్దుకోవచ్చట. కుడిదానికి డిసెంబర్‌లో చెవి వెనక నుంచి చర్మం తీసి రెప్ప కింద అతుకు వేయాలి. ఆడవాళ్ళ జాకెట్లకు అతుకు కనిపిస్తే ఎంత గోల చేస్తానో నేను, ఇక నా ముఖానికే అతుకు.

మునిలక్ష్మమ్మ సంగతి. నువ్వన్నది నిజమే, చెప్పాలి. కానీ ఆమెకు చెబితే ఊరిగాం దాకా ప్రతి గడపలోనూ చెప్పినట్టే. ములబాగల్ వాళ్ళకు వారంలో తెలుస్తుంది. అత్తగారు ముడతలకు ఆపరేషన్ చేయించుకుని దయ్యంలా తయారైందని ఆ పిల్ల చెవిన పడితే నేను కోడలి ముందు తలెత్తి ఎలా తిరగను? ఫాల్గుణంలో పెళ్ళి. అది కానీ, మర్నాడే చెబుతాను. పొర ఎక్కడికీ పారిపోదు కదా. పండితే తీయడం ఇంకా సులువని కూడా అంటారు.

కోప్పడకు.

దాక్షాయణి


రాబర్ట్‌సన్‌పేట,
29 నవంబర్ 1999

విశాలక్కా,

నీ మాట విని ఉంటే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చేది కాదు.

కిందటి వారం నాలుగు రోజులు మునిలక్ష్మమ్మ రాలేదు. ఆమె కొడుకు చిన్నవెంకటప్ప పాలు తెచ్చాడు. అమ్మకు కన్ను నొప్పి, తలనొప్పి, వాంతులు అన్నాడు. కంట్లో నందివర్ధనం పూలరసం పిండుతున్నారట. ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పాను. "కన్ను కోస్తారని భయపడతాదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఐదో రోజు వచ్చినప్పుడు అతని ముఖం చూస్తేనే తెలిసింది. పొర మరీ ముదిరి కంటి లోపల ఒత్తిడి పెరిగిపోయిందట. కుడికన్ను చూపు పోయింది. ఇంక రాదు. ఏప్రిల్‌లో తీయించుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదని డాక్టరు చెప్పాడట. అతను ఆ మాట కోపంగా కూడా అనలేదు. గిన్నెలో పాలు కొలిచి పోస్తూ అన్నాడు. పండితే సులువని నీకు రాసినదాన్ని నేనే.

ఆరోజే వాళ్ళ పల్లెకు పోయాను. ఇరవై ఏళ్ళుగా ఆమె పాలు తాగుతున్నాం, వాళ్ళ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలియదు. పట్టుపురుగుల తట్టల గది బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడికంటికి గుడ్డ కట్టుకుంది. నా గొంతు విని లేవబోయింది. కూర్చోబెట్టి, పక్కన నేలమీద కూర్చున్నాను. అద్దాలు తీసేశాను. మొత్తం చెప్పాను. అవ్వ అన్న పిల్ల దగ్గర నుంచి కొసరు దాకా.

కంటి మీది గుడ్డ సర్దుకుంది. తర్వాత, "అయితే నీకు పొర రాలేదా" అంది.

రాలేదన్నాను.

"చూపు బాగుండాదా?"

బాగుందన్నాను.

"పొర తీసినందుకు కాదా అట్లయింది?"

కాదన్నాను. ఆ ఒక్క 'కాదు' ఏప్రిల్‌లో చెప్పి ఉంటే చాలు. దానికి ఒక్క క్షణం పట్టేది.

కాళ్ళు పట్టుకోబోయాను. పక్కకు లాక్కుంది. క్షమించానని అంటుందేమోనని ఆశపడ్డాను, ఆ ఆశకు కూడా సిగ్గుపడుతున్నాను. ఆమె అన్న మాటలు ఇవి. "నాకు చెప్తే ఏమొస్తాదమ్మా, నాది పోయింది. నేను క్యాంపుకు పోలేదని నన్ను చూసి ఈ పల్లెలో తొమ్మిది మంది పేర్లు కొట్టేయించుకొనుండారు. నీ ముఖం ఎట్లుండాదో ఇంటింటికీ పోయి చెప్పింది నేనే. వాళ్ళకెవురు చెప్తారు? సాయంత్రం పాలు పోసే టైముకు డెయిరీ కాడికి రా. అందురూ వస్తారు."

ఇప్పుడు కాదు, రేపు వస్తానని చెప్పాను. ఆమె నమ్మలేదు, నాకు తెలుస్తూనే ఉంది. ఇంటికొచ్చి మీ మరిదితో చెప్పాను. ఆమె వైద్యానికి ఏం కావాలన్నా చేద్దాం, పెళ్ళయ్యేదాకా డెయిరీ దగ్గరికి మాత్రం పోవద్దన్నారు. కొడుకు పెళ్ళి చెడిపోతే ఎవరు బాధ్యులు అన్నారు. ఆయన భయం నాకు అర్థం కాక కాదు. నా భయం కూడా అదే. ఆ రేపు దాటి మూడు రోజులైంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అమ్మ ఊరికే అనేది కాదు.

తిట్టు అక్కా. ఈసారి నీ తిట్ల కోసమే రాస్తున్నాను.

దాక్షాయణి


రాబర్ట్‌సన్‌పేట,
6 ఫిబ్రవరి 2000

రైలెక్కి వచ్చి నన్ను లేపి నిలబెట్టిన మా అక్కకు,

తిట్టమని రాస్తే ఉత్తరం రాయకుండా నువ్వే వచ్చావు. నా చెయ్యి పట్టుకుని డెయిరీ దాకా తీసుకుపోతావనుకున్నాను. బస్సెక్కించి, "పొయ్యేది నువ్వే పో. నేనొస్తే నా వెనకాల దాక్కొంటావు" అని తిరిగిపోయావు. ఆరోజు నీ మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు రాయొచ్చు. అక్కడ ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత నా ఆపరేషన్, కంటికి కట్టు, రాయడానికి వీలు పడలేదు. ఇప్పుడు అన్నీ రాస్తున్నాను.

వాళ్ళ డెయిరీ అంటే ఒక గది, ముందు చిన్న వసారా. అక్కడ ఆడవాళ్ళు పాల క్యాన్లతో వరుసగా నిలబడి ఉన్నారు. మునిలక్ష్మమ్మ కూడా వరుసలో ఉంది, కొడుకు చెయ్యి పట్టుకుని. నన్ను చూసి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, నా కోసం దారి కూడా ఇప్పించలేదు. పాలు కొలిచే అతను చీరలమ్మే అమ్మ ఇక్కడికెందుకు వచ్చిందని పని ఆపి చూస్తున్నాడు. అంగట్లో వందమందికి మాటలతో చీరలు అమ్మేదాన్ని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అద్దాలు తీసేశాను. ముందు వరుసలో ఒకామె క్యాను గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగింది.

చెప్పాను. నాకు పొర రాలేదు, పొర తీసినందుకు ఇలా కాలేదు, ముడతలు పోగొట్టుకోవడానికి నేనే కోయించుకున్నాను, అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం వల్ల మునిలక్ష్మమ్మ కన్ను పోయింది అన్నాను. గట్టిగానే చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. అందం కోసం రెప్ప కోయించుకుంటారని వాళ్ళెన్నడూ విని ఉండరు. సొన్నమ్మ అని ఒక ముసలామె ముందుకు వచ్చి, "ఇంతకీ కత్తి కంట్లో పెట్టినారా, బయట పెట్టినారా?" అని అడిగింది. బయటే అన్నాను. యాడ అంది. చూపించాను. పాలవాసన వేసే వేలితో నా రెప్ప కింద మచ్చను ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. తడిమి, వెనక్కి తిరిగి, "నిజమే. బయటే" అని మిగతావాళ్ళకు చెప్పింది. నా మాటలన్నిటికంటే ఆ వేలినే వాళ్ళు ఎక్కువ నమ్మారు. ఎవరో వెనక నుంచి, ముడతలు చూసుకొనేదానికి మా ఇండ్లల్లో అంత పెద్ద అద్దమే లేదే అంటే నలుగురు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. వరుస మళ్ళీ కదిలింది. పాలు విరిగితే వాళ్ళకు నష్టం కదా, నా కోసం ఎంతసేపు ఆగుతారు.

ఆ తర్వాత నేను భయపడ్డవన్నీ జరిగాయి. నేను బస్సు దిగేలోపే కథ బజారుకు చేరింది. చీరలు కొనని వాళ్ళు కూడా అంగడికి వచ్చి చూసిపోయారు. మీ మరిది పది రోజులు నాతో మాట్లాడలేదు. జయరామ్ నా ఎదురుగా కూర్చుని భోజనం చేయడం మానేశాడు. ఈమధ్యే మళ్ళీ కూర్చుంటున్నాడు. ములబాగల్ నుంచి వియ్యపురాలు మనిషిని పంపింది. ఇంకా ఏమైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పమనండి, తర్వాత తెలిస్తే బాగుండదు అని. దానికంటే చెంపదెబ్బ నయం. ఏమీ లేదని చెప్పి పంపాను. పెళ్ళి ఆగలేదు. కానీ ఆమె నా మాట ఇంకెప్పుడూ ఒక్కసారికి నమ్మదు.

డిసెంబర్‌లో డాక్టరమ్మ కుడి రెప్పకు అతుకు వేసింది. ఈసారి నోరు ఎంత తెరవమంటే అంత తెరిచాను, దవడ నొప్పి పుట్టేదాకా. రెప్పను దారంతో పైకి కట్టి వారం రోజులు కన్ను మూసేసింది. కట్టు విప్పాక, మెల్లగా మూయమంది. మూతపడింది. ఎడమ రెప్ప మర్దనతోనే చాలావరకు పైకి వచ్చింది. అతుకు వేసిన చోట చర్మం రంగు కొంచెం తేడాగా ఉంది, రెప్ప బయటి కొస ఇంకా ఒక పిసరు వంగి ఉంది. ఇంతకంటే చేస్తే చెడుతుంది, ఇక్కడితో ఆపుదామంది డాక్టరమ్మ. సరేనన్నాను.

జనవరి చివర ఊరిగాంలో మళ్ళీ కంటి క్యాంపు పెట్టారు, బడి గదుల్లో. ఆ పల్లె నుంచి పదకొండు మంది వచ్చారు, సొన్నమ్మతో సహా. మునిలక్ష్మమ్మ ఎడమకంటికి. ఆమె నన్ను రమ్మనలేదు. అయినా పోయి బయట బెంచీ మీద కూర్చున్నాను. డెయిరీ నాటి నుంచి అప్పటిదాకా ఆమె నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదక్కా. పాలు మాత్రం తానే తెచ్చేది, కొడుకు చెయ్యి పట్టుకుని, గిన్నె ఎక్కడుందో తడుముకుని పోసి వెళ్ళిపోయేది. నేను పిలిస్తే ఆగేది కాదు. వేరేచోట పాలు పోయించుకోమని అన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున కట్లు విప్పారు. ఒక్కొక్కరినే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, డాక్టరు వేళ్ళు చూపించి లెక్కపెట్టిస్తున్నాడు. మునిలక్ష్మమ్మ సరిగ్గా లెక్కపెట్టింది. కొడుకును చూసింది. నీకు తల నెరిసిపోయిందేరా అంది. కుడికన్ను తెల్లగా, అలాగే ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, లోపలికి పోవాలా వద్దా తెలియక.

"ఆయమ్మను రమ్మను" అంది కొడుకుతో.

పోయాను. అద్దాలు తీయమంది. తీశాను. గడ్డం పట్టుకుని నా ముఖం కిటికీ వెలుగులోకి తిప్పింది. ఎన్నాళ్ళుగానో నన్ను మసకగా తప్ప చూసి ఉండదు. ఇప్పుడు ఒక్క కంటితో, తొందరేమీ లేకుండా, నుదురు, కళ్ళు, బుగ్గలు, అన్నీ చూసింది. ఏమంటుందోనని ఆమె చేతిలో ముఖం కదపకుండా ఉంచాను.

"బాగానే ఉండావు కదమ్మా" అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత గడ్డం వదిలేసి, "దీనికా ఇదంతా?" అంది.

నీ చెల్లెలు,
దాక్షాయణి